గ్లాసు నిలబడని మూత

తిరుపతిరావు గారి గురించి రాస్తున్నానంటే మా స్టాఫ్‌రూములో అందరూ నవ్వారు. "ఏం చేశాడండీ ఆయన? మూతలే కదా!" అన్నారు. అవును, మూతలే. ముప్పయ్యేళ్ళుగా విజయవాడ ఆటోనగర్‌లో ఒక రేకుల షెడ్డులో నిలబడి బిందెలకీ బకెట్లకీ డబ్బాలకీ ప్లాస్టిక్ మూతలు చేస్తున్న మనిషి. మీ ఇంట్లో మంచినీళ్ళ బిందె మీదున్నది ఆయన చేసిందే కావచ్చు. నవ్వే ముందు దాని మీద ఒక గ్లాసు బోర్లించి చూడండి, కదలదు.

"మూతంటే అదేనండీ మేడమ్ గారూ, గ్లాసు నిలబడాలి" అంటారాయన. మిషన్లోంచి మూత వేడివేడిగా బయటికి రాగానే బల్ల మీద పేర్చి, పైన ఇనప దిమ్మ పెడతారు. చల్లారేసరికి అది బల్లపరుపుగా తయారవుతుంది. ఆ పని ఎక్కువగా ఆయన భార్య రావమ్మ గారిది. కబుర్లు చెబుతూనే ఉంటుంది, చెయ్యి దాని పని అది చేసుకుపోతుంటుంది.

నా పేరు శాంభవి. పటమటలో ఉంటాను, ఇంటర్ పిల్లలకి లెక్కలు చెబుతాను. నాకు ఓపిక తక్కువ. ఈ సంగతి మా కాలేజీకీ తెలుసు, బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర నా స్కూటీ వెనక హారన్ కొట్టినవాళ్ళకీ తెలుసు. అలాంటి నేను ఒక ప్లాస్టిక్ పళ్ళెం కోసం ఎనిమిది నెలలు ఆగానంటే ఆ గొప్ప నాది కాదు, ఆయనది.

డిస్క్ గోల్ఫ్ ఆడతాం మేము, ఆదివారం పొద్దున్నే, ఓ పదిమందిమి. బంతికి బదులు పళ్ళెం లాంటి ప్లాస్టిక్ డిస్కు, గుంటకి బదులు గొలుసులు వేలాడే ఇనప బుట్ట. తక్కువ విసుర్లలో డిస్కుని బుట్టలో వేసినవాళ్ళు గెలిచినట్టు. కంకిపాడు దాటాక కాలువ గట్టున జయపాల్ గారి మామిడి తోట ఉంది, ఈ ఆటని మాకు అంటించింది ఆయనే. పాత బుట్టలు తుప్పుపట్టిపోయి, కొత్తవి చేసేవాళ్ళ కోసం ఆటోనగర్ అంతా తిరిగితే, "సైకిల్ రిమ్ములూ గొలుసులూ తెచ్చుకోండి, నేను చేస్తాను" అన్నది ఒక్క తిరుపతిరావు గారే.

తొమ్మిది బుట్టలు చేశారు. బిగించడానికి తోటకొచ్చి, పని అయ్యాక కూడా వెళ్ళలేదు. చేతులు వెనక్కి కట్టుకుని మా ఆట మొత్తం చూశారు. "మీరూ ఒకటి విసరండి" అంటే, "నాకెందుకండీ" అన్నారు. వెళ్ళేముందు మాత్రం ఒక ప్రశ్న వేశారు. "అన్నీ చూడ్డానికి ఒకేలా ఉన్నాయి కదా, ఒక్కొక్కటి ఒక్కోచోట ఎడమకి పడిపోతోందేంటండీ?"

నాకు ముచ్చటేసింది. మూడేళ్ళు ఆడుతున్నవాళ్ళకి రాని ప్రశ్న అది. దూరం పోవడానికి వాడే, అంచు పదునుగా ఉన్న డిస్కుని డ్రైవర్ అంటాం. కుడిచేత్తో విసిరితే, వేగం తగ్గాక అది ఎడమకి వాలుతుంది. కొన్ని తొందరగా వాలిపోతాయి, కొన్ని చివరిదాకా నిలబడతాయి. దాన్నే స్టెబిలిటీ అంటాం. అది దేన్నిబట్టి వస్తుందో మాలో ఎవరికీ సరిగ్గా తెలీదు.

ఆయన మా డిస్కులన్నీ ఒక గోనెసంచిలో వేసుకుని వెళ్ళారు. వారం తర్వాత తెచ్చి, "నా కళ్ళకి తువ్వాలు కట్టండి" అన్నారు. కట్టాం. పదకొండు డిస్కులు ఒక్కొక్కటే చేతికిచ్చాం. బొటనవేలితో అంచు తడిమి, అరచేత్తో వీపు నిమిరి, "ఇది తొందరగా పడిపోద్ది, ఇది కాస్త ఆగుద్ది" అంటూ చెప్పుకుపోయారు. జయపాల్ గారు ప్రతిదీ విసిరి చూశారు. పదీ అక్షరాలా అలాగే పడ్డాయి. పదకొండోదాన్ని మాత్రం పక్కన పెట్టేసి, "ఇది ఎండలో పారేసిన సరుకండీ, దీని మాట నేను చెప్పలేను" అన్నారు. అది నాది. మే నెలంతా మా మేడ మీద వదిలేశాను. సిగ్గుతో చచ్చిపోయాను.

ఇక్కడ తొమ్మిదో బుట్ట సంగతి చెప్పాలి. అది కాలువకి అవతల ఉంది. జయపాల్ గారు కూడా నాలుగుసార్లు విసిరితే ఒక్కసారి దాటిస్తారు. నేను మూడేళ్ళలో ఒక్కసారీ దాటించలేదు. నా డిస్కు కాలువ మధ్యదాకా ఆశపెట్టి, ఎడమకి తిరిగి బుడుంగుమనేది. దాన్ని తియ్యడానికి వెదురుకర్రకి వల కట్టుకుని తిరిగేవాళ్ళం. ఒకసారి ఆ వల పట్టుకుని నేను తిడుతుంటే తిరుపతిరావు గారు విన్నారు.

"తిట్టకండి మేడమ్ గారూ. నేనొకటి చేస్తాను" అన్నారు.

"మీరా? డ్రైవరా?"

"నేనేనండీ. ఇన్నాళ్ళూ ఎవరో సాంపిలు తెస్తే దానికి ఉక్కులో అచ్చు, అదే డై, కోసిచ్చాను. నా బుర్రలోంచి పుట్టిన వస్తువంటూ ఒక్కటీ లేదు. ఇది మాత్రం నాది." ఎదురుగా కనిపిస్తున్నట్టే చెప్పారు. "విసిరాక ముందు రవ్వంత కుడికి మొగ్గుద్ది. తర్వాత తిన్నగా పోద్ది. ఆఖర్న మర్యాదగా కాస్త ఎడమకొచ్చి కూర్చుంటది. అలా పోలేదనుకోండి, ఆ డైని ముక్కలు కోయించి తుక్కులో వేసేస్తాను. అరవై రెండొచ్చాయి నాకు, మళ్ళీ సొంతం అనే మాట ఎత్తను."

సరదాకి అన్నారనుకుని నవ్వాను. ఆయనతో పాటు వచ్చిన రావమ్మ గారు నన్ను పక్కకి లాగింది. "నవ్వకమ్మా. ఆయన అన్నాడంటే చేస్తాడు. హనుమాన్ జంక్షన్ దగ్గర మా పొలం. నీళ్ళ వంతు దగ్గర అన్నదమ్ములు మాటామాటా అనుకుంటే, ఇంక ఆ పొలం గట్టెక్కనన్నాడు. అంతే, నలభై ఏళ్ళయింది. పొలం వైపు కన్నెత్తి చూడలేదు."

ఆ రోజునుంచీ నాకు గుబులు పట్టుకుంది. రోజూ ఫోన్ చేసేదాన్ని. "ఇవాళ ఎంతవరకొచ్చిందండీ?" అంటే, "అంచు కోశానండీ" అనో, "వీపు వంపు కుదరలేదండీ, మళ్ళీ మొదలెట్టాను" అనో జవాబు. ఒకటే వంపుని ఐదుసార్లు చెరిపి కోశారు. మూతల ఆర్డర్లు పూర్తయ్యాక, భోజనం మానేసి మరీ ఆ ఉక్కు అచ్చు ముందు కూర్చునేవారట. నేను క్లాసులో బోర్డు మూల ఆ డిస్కు ఎగిరే గీత గీసుకునేదాన్ని. కొంచెం కుడికి, తర్వాత తిన్నగా, చివర ఎడమకి. "ఇది ఏ చాప్టర్ మేడమ్?" అని పిల్లలు అడిగారు. "నోరు మూసుకుని లెక్క చెయ్యండి" అన్నాను.

ఫిబ్రవరి నెలాఖర్లో ఒక గురువారం ఫోనొచ్చింది. "ఈవేళ తీస్తున్నామండీ." కాలేజీ అవగానే ఆటోనగర్ పరిగెత్తాను. మిషన్ నోరు తెరిచింది. నారింజరంగు డిస్కు, పొగలు కక్కుతూ. ఆయన దాన్ని రెండు చేతులతో బయటికి తీశారు. రావమ్మ గారు కుంకుమ బొట్టు పెట్టి, అలవాటుగా బల్ల వైపు తీసుకెళ్ళబోయింది. నేను ఆగలేకపోయాను. పైటచెంగు అడ్డం పెట్టుకుని లాగేసుకున్నాను.

"అయ్యయ్యో, ఇంకా దిమ్మ కింద పెట్టలేదమ్మా!" అంది రావమ్మ గారు.

"మీ దిమ్మ మీరుంచుకోండి. ఎనిమిది నెలలాగాను, ఇంక నావల్ల కాదు!"

తిరుపతిరావు గారు పడీపడీ నవ్వారు. "పోనీలే, మొదటిది ఆవిడదే. కానీ మేడమ్ గారూ, ఆదివారం దాకా విసరనని మాటివ్వండి. అందరం ఉండగా చూద్దాం." మాటిచ్చాను. ఇంటికి తెచ్చి బీరువాలో చీరల మధ్య పెట్టుకున్నాను. తీసి చూడటం, మళ్ళీ పెట్టడం. నా మొహానికి అంత నిగ్రహం ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకే తెలీదు.

ఆదివారం ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, కొత్త డిస్కులు ఇరవై సంచిలో పట్టుకుని వచ్చారు. రావమ్మ గారు బందరు లడ్డూల డబ్బా తెచ్చింది. తిన్నగా తొమ్మిదో బుట్ట దగ్గరికే వెళ్ళాం. సంచిలోంచి ఒకటి తీసుకుని జయపాల్ గారు విసిరారు. అది కుడికి మొగ్గలేదు. కొంతదూరం బిర్రుగా పోయి, ఒక్కసారిగా ఎడమకి తిరిగి కాలువలో పడింది.

"చెయ్యి జారిందండీ" అన్నారు జయపాల్ గారు. రెండోది విసిరారు. ఎడమకే. మూడోది నాతో ఉన్న ఇంకొకావిడ విసిరింది. ఎడమకే, ఇంకా ముందుగా. నాలుగోది విసరడానికి ఎవరూ ముందుకి రాలేదు. తిరుపతిరావు గారి మొహం చూడలేకపోయాను.

ఆయన గొంతు పెంచలేదు. సంచి మూతి ముడేశారు. "చెప్పినట్టు పోలేదు కదండీ. రేపు ఆ డైని కోయించేస్తాను. పదవే రావమ్మా" అన్నారు. రావమ్మ గారు లడ్డూల డబ్బా మూత తియ్యకుండానే చంకన పెట్టుకుంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీదో తెలీదు. కాలువ మీదో, ఆ పట్టుదల మనిషి మీదో, నామీదో. "ఆగండి! నాది ఇంకా విసరలేదు!" అని అరిచి, బ్యాగులోంచి నా నారింజ డిస్కు లాగి, కోపమంతా చేతిలోకి తెచ్చుకుని విసిరాను.

అది రవ్వంత కుడికి మొగ్గింది. అక్కణ్ణుంచి తిన్నగా, ఎవరో దారి చూపిస్తున్నట్టు, కాలువ మొత్తం దాటింది. బుట్టనీ దాటింది. అవతలి తుమ్మచెట్ల మీదుగా పోయి, ఆఖర్న మెల్లగా ఎడమకి వాలి కనబడకుండా పోయింది. అందరం గావుకేకలు పెట్టాం. నేను ఎగిరి గెంతాను, యాభై ఏళ్ళదాన్ని.

తిరుపతిరావు గారొక్కరే గెంతలేదు. "ఒకటి పోతే లెక్క కాదండీ. గాలి కావచ్చు, మీ కోపం కావచ్చు. మూడు అలా, ఒక్కటి ఇలా ఎందుకు పోయిందో తెలీకపోతే నేను చేసినట్టు కాదు" అన్నారు. "అది దొరికితే చూస్తాను. లేదంటే రేపు కోతే."

లాకుల మీదుగా చుట్టూ తిరిగి అవతలికి వెళ్ళేసరికి గంట పట్టింది. తుమ్మల వెనక మినప చేలు. ఎంత వెతికినా లేదు. నేను ఎవర్ని తిట్టాలో తెలీక ఎండని తిడుతున్నాను. చేలో మినుము పీకుతున్న ఒకావిడ నడుం ఎత్తి, "మూత కోసమా?" అంది. ఆవిడ పేరు బుల్లెమ్మ అని తర్వాత తెలిసింది. గట్టు మీద నీడలో ఆవిడ మంచినీళ్ళ బిందె ఉంది. దాని మీద నా నారింజ డ్రైవర్. పక్కన మట్టిలో స్టీలు గ్లాసు పడి ఉంది.

"ఆకాశంలోంచి ఊడిపడింది బాబూ. బిందెకి మూత లేదు కదా అని పెట్టాను" అంది బుల్లెమ్మ. "ఏం మూతయ్యా ఇది! గ్లాసు బోర్లిస్తే జారిపోతంది. మూడుసార్లు పెట్టాను, మూడుసార్లూ మట్టిలో పడింది. నడుమ ఉబ్బుంది, సూడు. ఎవుడు చేశాడో గానీ ఆడికి మూత చెయ్యటం రాదు."

నేను నోరు తెరిచాను, నాలుగు దులుపుదామని. తిరుపతిరావు గారు చెయ్యి అడ్డం పెట్టి నన్ను ఆపారు. ఆయన మొహం పాలిపోయింది.

"ఇంకోసారి అనమ్మా" అన్నారు.

"కోపం ఎందుకు బాబూ, ఉన్నమాటేగా. దీని మీద గ్లాసు నిలబడదు."

ఆయన ఇస్త్రీ చొక్కాతోనే గట్టు మట్టిలో మోకాళ్ళ మీద కూర్చుని, కన్ను బిందె అంచుకి సమంగా పెట్టి చూశారు. గ్లాసు తీసి దాని మీద పెట్టారు. అది ఊగి, జారి, కింద పడింది. మళ్ళీ పెట్టారు. మళ్ళీ పడింది. సంచి ముడి విప్పి ఇంకో డిస్కు తీసి, రెండూ పక్కపక్కన పెట్టి చూశారు. అప్పుడు మాక్కూడా కనబడింది. నాదాని వీపు సన్నగా పైకి ఉబ్బి ఉంది. సంచిలోది బల్లలా చదునుగా ఉంది.

"రావమ్మా, మేడమ్ గారిది దిమ్మ కింద పెట్టలేదు కదూ?"

"ఆవిడ పెట్టనిచ్చిందా!" అంది రావమ్మ గారు. అని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "మిగతావన్నీ... అయ్యో, మిగతావన్నీ నేను పెట్టేశానయ్యా!"

"నువ్వొక్కదానివే కాదే. సగం నేనే ఎత్తాను దిమ్మ." ఆయన తన రెండు చేతుల్నీ తిప్పి చూసుకున్నారు. "ఎనిమిది నెలలు ఆ వంపు కోసం కోశానండీ. ఐదుసార్లు చెరిపాను. తీరా వచ్చాక, మూత కదా అని, నా చేత్తో నేనే అణిచేశాను. చేస్తున్నట్టు కూడా తెలీలేదు."

అంటూనే నవ్వడం మొదలెట్టారు. నవ్వుతుంటే కళ్ళవెంట నీళ్ళు కారిపోతున్నాయి. నాకూ ఆగలేదు. ఇంత చిన్న మనిషి, ఇంత పెద్ద మనిషి అనిపించింది, ఆ మట్టిలో అలా కూర్చుంటే. రావమ్మ గారు నా చెవిలో, "చూశావా, గట్టెక్కాడు" అని, కొంగుతో మొహం తుడుచుకుని, లడ్డూల డబ్బా మూత తీసింది.

బుల్లెమ్మ బెంబేలెత్తిపోయింది. "నేనేం తప్పన్నాను బాబూ?"

"తప్పేం లేదమ్మా. ముప్పయ్యేళ్ళలో నా మూత మీద గ్లాసు నిలబడలేదన్న మనిషివి నువ్వొక్కదానివే" అన్నారాయన. బిందె మీంచి నారింజ డిస్కు తీసుకుని చొక్కాతో తుడుచుకున్నారు. దాని స్థానంలో సంచిలోని చదునుది పెట్టి, మట్టి దులిపి గ్లాసు బోర్లించారు. కదల్లేదు.

"ఆఁ, మూతంటే ఇదీ" అంది బుల్లెమ్మ.

"ఉంచుకో అమ్మా. ఇంకో పదహారున్నాయి, మీవాళ్ళక్కూడా ఇస్తాను" అని సంచి ఆవిడ ముందు పెట్టేశారు. తర్వాత నావైపు తిరిగి, నారింజ డిస్కుని రెండు చేతులతో అటూ ఇటూ తిప్పుతూ, "మేడమ్ గారూ, దీన్ని విసరాలంటే వేళ్ళు ఎక్కడ పెట్టాలండీ?" అని అడిగారు.