అన్నయ్య కారుకి హారన్ బటన్

మా అన్నయ్య టాటానగర్‌లో ఇరవై ఏళ్ళకు పైగా రైలింజన్ నడిపాడు. నిరుడు కంటి పరీక్షలో రెండు పక్కల చూపూ తగ్గిపోయిందని తేలింది. గ్లకోమా అన్నారు. ఇంజన్ మీంచి దింపి ఆఫీసులో కుర్చీ ఇచ్చారు. ఆ కుర్చీ మాట ఇంట్లో ఎవరమూ ఎత్తేవాళ్ళం కాదు.

ఇక అతనికి మిగిలింది పాత కారు. దానితో వచ్చిన స్టీరింగ్ ఎప్పుడో తీయించేసి, తోలు చుట్టిన చిన్న స్టీరింగ్ ఒకటి బయట కొని వేయించుకున్నాడు. దాని నడుమ గుండ్రటి హారన్ బటన్. ఒక సాయంత్రం సాక్చీ బజారులో ఎడమ పక్క నుంచి ఒక ముసలాయన సైకిలు మీద అడ్డం వచ్చాడు. పక్క సీట్లో ఉన్న వదిన కేక పెట్టేదాకా అన్నయ్యకు కనిపించలేదు. బ్రేకు తొక్కుతూనే హారన్ మీద పిడికిలితో గుద్దాడు. ముసలాయనకు ఏమీ కాలేదు. బటన్ మాత్రం పగిలి లోపలికి కూరుకుపోయింది.

మర్నాడు అదే ఊళ్ళో అగ్రికో పేటలో ఉంటున్న నాకు ఫోను చేశాడు.

"హారన్ సరిగ్గా మోగుంటే ఆ ముసిలోడు ఆగిపోయేవోడురా. ఒక బటన్ తెచ్చి వెయ్యి."

కాసేపటికి వదిన చేసింది. "బాబూ, నువ్వది బాగుచేత్తే మీ అన్నయ్య మళ్ళీ బండి తీత్తారు. వద్దు."

ఇద్దరికీ సరేనన్నాను. అన్నయ్యకు కాదని చెప్పే నోరు నాకు చిన్నప్పటి నుంచీ లేదు. సాక్చీలో కారు సామాన్ల దుకాణాయన, అచ్చం అలాంటిది ఇప్పుడు రావడం లేదంటూ కాస్త చిన్నది ఇచ్చాడు. తీసుకుని ఆదివారం పొద్దున రైల్వే కాలనీకి వెళ్ళాను.

ముందు బ్యాటరీ వైరు విప్పాను. స్క్రూడ్రైవర్ మొనకు గుడ్డ చుట్టి, తోలు చెడకుండా పాత బటన్‌ను మెల్లగా పైకి లేపాను. వెనకాల రెండు వైర్లు.

"ఈ వైరు పట్టుకో అన్నయ్యా, లోపలికి జారిపోద్ది" అన్నాను.

అతని వేళ్ళు వైరు పక్కన గాలిలో తడుముకున్నాయి. నేనే తీసి అతని వేళ్ళ మధ్య పెట్టాను.

కొత్త బటన్ వదులుగా ఉంటే చుట్టూ టేపు వేసి నొక్కి కూర్చోబెట్టాను. బ్యాటరీ తగిలించగానే అన్నయ్య హారన్ కొట్టాడు. మోగింది. మళ్ళీ కొట్టాడు, మళ్ళీ, మళ్ళీ. అతను నవ్వగా చూసి ఎన్ని నెలలైందో. గుమ్మంలో నిలబడ్డ వదిన నా వంక ఒకసారి చూసి లోపలికి వెళ్ళిపోయింది.

"రా, ఒక రౌండు ఎల్లొద్దాం."

తాళం చెవి లాక్కోవాల్సింది. పక్క సీట్లో కూర్చున్నాను.

కాలనీ గేటు దాటి రోడ్డెక్కుతుంటే ఎడమ నుంచి ఆటో దూసుకొచ్చింది. "ఆటో!" అని అరిచి హ్యాండ్ బ్రేకు లాగాను. జానెడు దూరంలో ఆగాం. ఆటోవాడు తల బయటపెట్టి, "అంధా హై క్యా?" అని, గుడ్డివాడివా అని హిందీలో తిట్టి పోయాడు.

అన్నయ్య హారన్ కొట్టలేదు. కొట్టడానికి ఆ ఆటో అతనికి కనిపించాలి కదా.

ఇంజన్ ఆపేశాడు. తర్వాత దిగి, బానెట్ మీద చెయ్యి ఆనించుకుంటూ చుట్టూ తిరిగి నా వైపు తలుపు తీశాడు.

"నువ్వు తోలు."

నేను తోలాను. గేటు దగ్గర అడిగాడు.

"తమ్ముడూ, నా కళ్ళు మళ్ళీ బాగవుతాయేటి?"

కంట్లో వేసే చుక్కల మందు, ఉన్న చూపు నిలపడానికే గానీ పోయిన చూపు రాదని డాక్టరు మా ఇద్దరి ఎదుటే చెప్పాడు.

"అవుతాయిలే" అన్నాను.

నమ్మలేదు. నమ్మినట్టు తలూపాడు. ఈ మధ్య మెట్లు దిగేటప్పుడు వదిన భుజం పట్టుకుంటున్నాడు.