తాళం పడేలోపు వేసిన బోరు

నల్లమాడ దగ్గర ఎండిపోయిన ఒక చీనీ తోట, అంటే బత్తాయి తోట, గురించి మా వైపు ఒక కథ తిరుగుతోంది. బోరుబండికి దారి కోసం రెండు చెట్లు కొట్టనివ్వనని మొండికేసి ఒకామె తోటంతా పోగొట్టిందని. ఆ కథ తప్పు. ఆ రోజు బోరుకు చోటు చూపించింది నేను.

నా పని బోరు పాయింట్లు పెట్టడం. పొలంలో ఇనుప కడ్డీలు దిగ్గొట్టి, వైర్లు కట్టి, కరెంటు పంపి, అడుగున రాయి ఎక్కడ పగిలి నీళ్లు పట్టి ఉందో లెక్క చూస్తాను. మా దగ్గర పాయింట్ అంటే ఇంటిగుట్టు. గెనిమ గట్టుకు అవతలివాడికి తెలిసిందా, వాడు ముందే బోరుబండిని పిలిచి తన పొలం అంచున బోరు దించేస్తాడు. అందుకే పాయింట్ పెట్టిన చోట గుర్తుకు చిన్న కొయ్య గూటం కూడా కొట్టనివ్వరు. "గుర్తు నీ దగ్గరే పెట్టుకో సార్, బండి వచ్చినప్పుడు వచ్చి చూపీ" అంటారు. ఆ గుర్తులన్నీ నా ల్యాప్‌టాప్‌లో ఉండేవి. వాటి నకళ్లు రెండు హార్డ్ డిస్కుల్లో ఉండేవి.

కొన్నేళ్ల కిందట, ఆ తోట పోయిన ఎండాకాలంలో, ల్యాప్‌టాప్ చెడిపోతే రిపేరుకిచ్చాను. అది తిరిగొచ్చేలోపు నా దగ్గర పాయింట్ పెట్టించుకున్న ఒక రైతు గెనిమ పక్కనే అవతలి పొలంవాడు బోరు దించాడు. "షాపులో ఎవడు చూసినాడో ఏమో సార్, నా పాయింట్ బజార్న పడింది" అని ఆయన నలుగురిలో నన్ను నిలదీశాడు. అది నిజమో కాదో నాకు ఇప్పటికీ తెలియదు. మాట మాత్రం గుచ్చుకుంది. తాళం వేయాలని అప్పుడే అనుకున్నాను. చేతిలో ఉన్న పాయింట్లు పెట్టేశాక, ల్యాప్‌టాప్‌లో ఉన్న లెక్కలన్నీ చెరిపేశాను. హార్డ్ డిస్కులకు పాస్‌వర్డ్ లేనిదే తెరుచుకోని తాళం వేయడానికి కూర్చున్నాను. మొదలుపెట్టేటప్పుడు తెరమీద పొడుగాటి హెచ్చరిక ఒకటి వచ్చింది. చదవకుండా సరే నొక్కాను. ఒకటి అయ్యాక ఇంకొకటి పెట్టే ఓపిక లేక రెండు డిస్కులూ ఒకేసారి తగిలించాను.

ఎన్‌క్రిప్షన్ అనే ఈ తాళం తలుపుకు గడియ పెట్టినట్టు ఒక్క క్షణంలో అయ్యేదనుకున్నాను. కాదు. డిస్కులో ఉన్న ప్రతి ముక్కనూ చదివి, ఎవరికీ అర్థం కాని రాతగా మార్చి, మళ్లీ అక్కడే రాస్తూ పోతుంది. నావి పాత డిస్కులు. మిగిలిన సమయం గంటల్లో చూపించేది, నేను మంచినీళ్లు తాగి వచ్చేసరికి అది రోజులయ్యేది. కరెంటు పోతే ఆగేది, వచ్చాక ఆగిన చోటినుంచి మళ్లీ పాకేది. డిస్కులు వేడెక్కుతున్నాయని టేబుల్ ఫ్యాను వాటివైపు తిప్పాను.

"మనుషులు ఉడికిపోతాంటే దానికి గాలా?" అంది నా భార్య. "పొదిగే కోడన్నా మధ్యలో లేసి నాలుగు గింజలు తింటాది. నువ్వు లేస్తావా లేదా?"

లేచేవాణ్ణి. వీధి చివరిదాకా పోయేవాణ్ణి. ఎంత పని అయిందో చూపే తెరమీది అంకె కదిలి ఉంటుందని గబగబా తిరిగొచ్చేవాణ్ణి. కదిలేది కాదు.

ఒకసారి ఏదో పాత పాయింట్ చూద్దామని డిస్కు తెరవబోతే తెరుచుకోలేదు. అప్పుడు తెలిసింది ఆ హెచ్చరికలో ఏముందో. మధ్యలో ఎన్నిసార్లయినా ఆపుకోవచ్చు. కానీ చివరిదాకా పూర్తయితే తప్ప లోపలున్నది ఎవరికీ కనబడదు, పాస్‌వర్డ్ పెట్టినవాడికి కూడా.

మరుసటి రోజు పొద్దున చీనీ తోట రైతు ఫోన్ చేశాడు. పాత బోరులో నీళ్లు తగ్గిపోయి, కొత్త బోరు కోసం వారం ముందే నాతో పాయింట్ పెట్టించుకున్నాడు.

"సార్, బండి దొరికినాది! ఎవరో వద్దన్నారంట, మనకు తిప్పుకున్యా. మధ్యాన్నానికి తోటలో ఉంటాది. నువ్వొచ్చి చూపియ్యాల."

"రేపు కాదా?"

"రేపా? ఏం మాట్లాడతాండావు సార్? రేపటికి కదిరి అవతల ఉంటాది బండి. మళ్లీ ఎప్పుడొస్తాదో! చెట్లు ఆకు చుట్టుకుంటాండాయి."

పాయింట్ డిస్కులో ఇరుక్కుంది, తాళం పడేదాకా చూడలేను అని చెప్పాలి. చెప్పలేదు. పాయింట్ పెట్టినరోజు ఆయనతో గొప్పగా అన్నాను: "తాళం వేస్తున్నా, ఇంక నీ పాయింట్ దేవుడికి కూడా దొరకదు" అని. ఇప్పుడు నాకే దొరకడం లేదని ఎట్లా అనేది? వారం కిందటి చోటే కదా, గుర్తుంటుందిలే అనుకున్నాను. ఆ వారంలో ఎన్ని తోటలు తిరిగానో మాత్రం తలుచుకోలేదు. తెరమీద అంకె సగం దాటి ఉంది. దాన్ని అట్లాగే వదిలి నా మోటారు సైకిలెక్కాను.

తోటలో ఎండ కన్ను తెరవనివ్వడం లేదు. మూడు చోట్ల కడ్డీలు దింపినట్టు జ్ఞాపకం ఉంది. అందులో ఏ చోట నీళ్ల లెక్క బాగా వచ్చిందో తేలడం లేదు. మళ్లీ కడ్డీలు దింపితే మరిచిపోయానని తెలిసిపోతుందని అటూ ఇటూ నడిచాను. బోరుబండి డ్రైవరు హారన్ కొట్టాడు. చివరికి చెట్ల నడుమ ఒక చోట కాలితో గీత గీశాను.

బండి అక్కడికి పోవాలంటే రెండు చెట్లు కొట్టాలి. రైతు భార్య ముందుకొచ్చింది. "అన్నా, ఆ రెండూ వద్దన్నా. ఈసారి కాసినవి అవే. పక్కకు జరిపితే కాదా?"

"చెట్లు కావాల్నా, నీళ్లు కావాల్నా నీకు?" అని రైతు అరిచాడు.

"ఏం కాదులే, కొంచెం జరిపినా నష్టం లేదు" అన్నాను నేను. ఆ మాట అన్నది నేనే.

జరిపారు. బోరు దిగింది. తెల్లటి పొడి లేచి చెట్లన్నిటి మీదా పడింది. రైతు చాలన్నదాకా దించారు. ఎక్కడా చెమ్మ తగల్లేదు. బండి రాడ్లు పైకి లాగుతుంటే రైతు నా దగ్గరికొచ్చి మెల్లగా అడిగాడు.

"జరిపినందుకే పోయినాదా సార్?"

ఆమె చీరకొంగు మూతికి అడ్డం పెట్టుకుని మా ఇద్దరినీ చూస్తోంది.

"రాతి పగులు సన్నగా ఉంటుంది. కొంచెం తప్పినా తప్పినట్టే మరి" అన్నాను.

ఆయన ఆమెను దాటుకుని బోరుబండి దగ్గరికి పోయాడు. తిట్టినా బాగుండేది.

మరునాడు డిస్కులకు తాళం పూర్తిగా పడింది. పాస్‌వర్డ్ కొట్టి ఆ తోట లెక్క తెరిచాను. పాయింట్ తూర్పు గెనిమ పక్కన, బండ్లబాట దగ్గర ఉంది. అక్కడ ఒక్క చెట్టు కూడా లేదు. నేను గీత గీసింది తోటకు అటు చివర, పడమటి వైపు. ఫోన్ తీశాను, పెట్టాను, మళ్లీ తీశాను. బండి ఇంకా కదిరి చుట్టుపక్కలే ఉండేది. పిలిపించి ఉండొచ్చు. కానీ పిలిపించాలంటే నిన్నటి మాట అబద్ధమని ఒప్పుకోవాలి. ఫోన్ పక్కన పెట్టి, డిస్కులు రెండూ బీరువాలో పెట్టేశాను. ఆ ఎండాకాలంలోనే తోట పోయింది. మాన్లు కొట్టి కట్టెలకిచ్చారని విన్నాను.

పోయిన ఏడాది సోమందేపల్లె దగ్గర ఒక పొలంలో కడ్డీలు దింపుతున్నాను. ఆ ఇంటామె కంది సాళ్లు తొక్కొద్దంది. ఆమె మొగుడు నవ్వి, "నువ్వు కూడా రెండు చెట్లామె మాదిరి చేస్తాండావే!" అన్నాడు. ఎవరామె అని అడిగాను. కథంతా చెప్పాడు. పాయింట్ పెట్టినవాడి ఊసు అందులో లేదు. పని సగంలోనే కడ్డీలు పీకి వైర్లు చుట్టేశాను.

అక్కడినుంచి నేరుగా నల్లమాడకు పోయాను. మొగుడూపెళ్లాలు ఇద్దరూ ఇంట్లోనే ఉన్నారు. నిలబడే చెప్పాను అంతా. డిస్కు సంగతి, గెనిమ సంగతి, ఫోన్ పక్కన పెట్టిన సంగతి.

రైతు, "అప్పుడే చెప్పింటే కాళ్లు పట్టుకోనైనా బండిని తెచ్చుకుందును కదప్పా" అన్నాడు. అదివరకు నన్ను సార్ అనేవాడు.

ఆమె వేరే మాట అడిగింది. "ఈ మాట నువ్వు యాడ విన్నావు?"

"సోమందేపల్లె దగ్గర."

"అంత దూరం పోయినాదా?" అంది. "మా అత్త సచ్చేదాకా నా చేతి నీళ్లు తాగేటప్పుడల్లా ఆ రెండు చెట్ల మాట ఎత్తింది. ఆమెకు నువ్వు చెప్పలేవు. మిగిలినోళ్లకు చెప్పు. ఈడ నా ముందర చెప్పి ఏం లాభం? చెట్ల తప్పు కాదని నాకెప్పుడూ తెలుసు."

కూర్చోమనలేదు. ఆ ఊరి రచ్చకట్ట మీద చెప్పాను. సోమందేపల్లె పోయి ఆ కంది రైతుకు చెప్పాను. ఆయన నవ్వాడు. "పోనీలే సార్, అదొక సామెత అయిపోయినాది. ఇప్పుడు ఎవడు మారుస్తాడు?" అన్నాడు.

ఇంకా ఏ ఏ ఊళ్లకు పోయిందో నాకు తెలియదు. అందుకే రాస్తున్నాను. ఈ కథ మీ ఊళ్లో ఎవరైనా చెబితే ఆపి చెప్పండి. ఆమె అడిగింది న్యాయంగానే అడిగింది. సరేనన్నది నేను. నీళ్లు ఆ దిక్కునే లేవు.