ఎడమ గోల్ ముందు రెండడుగులు

జులై మూడో వారంలో నన్ను అరకు కొండల్లోని కేంద్ర బలగాల క్యాంపుకి వేశారు. డుంబ్రిగుడ దాటిన కాసేపటికి తారు రోడ్డు అయిపోయింది. ట్రక్కు దిగి ఐదు గంటలు నడిచాం. వాన ఆగలేదు. వీపు మీద ఇరవై రెండు కిలోలు. చేతిలో మందుపాతరలు వెతికే డిటెక్టర్ పెట్టె. నా డ్యూటీ అదే. కమాండర్ ఇచ్చిన మొదటి ఆర్డర్: "బాట మీద నడవొద్దు. పక్కన నడవండి."

క్యాంపు గుట్ట మీద. కింద ముప్పై గడపల ఊరు. రెండింటికీ మధ్య చదునైన మైదానం, ఇరువైపులా వెదురు గోల్ పోస్టులు. గడ్డి మోకాలెత్తు పెరిగి ఉంది. పశువుల్ని కూడా అటు తోలడం లేదు.

"రెండేళ్ల కిందట అక్కడ ఆవు కాలు పెట్టింది. పేలింది. అప్పట్నుంచి ఎవరూ దిగలేదు," అన్నాడు రేడియో ఆపరేటర్. మలయాళీ. ఫుట్‌బాల్ అంటే పిచ్చి. అతనిది బ్రెజిల్, నాది అర్జెంటీనా. బంకర్లో తగువు మొదలైతే అతను ఐదు వేళ్లు చూపించేవాడు. ఐదు ప్రపంచ కప్పులు. నేను బెటాలియన్ జట్టు గోల్‌కీపర్ని. ఆ మాటే అతనికి చెప్పేవాణ్ణి.

నవంబర్ చివర, కొండ చేలల్లో పసుపుపచ్చ వలిసె పూలు రాలే రోజుల్లో, దాసు తాత క్యాంపు గేటు దగ్గరికి వచ్చాడు. సెంట్రీ తుపాకీ ఎత్తితే రెండు చేతులూ పైకెత్తి అలాగే నిలబడ్డాడు. ఊళ్లో ఆడపిల్లల జట్టుకి ఆట నేర్పేది ఆయనే. వయసులో ఉండగా కలకత్తాలో ఒక పెద్ద క్లబ్బు రెండో జట్టుకి ఒక సీజన్ ఆడాడట.

"నీది ఇజీనారం మాట గదా, నీకు సెప్తే తెలుత్తాది," అన్నాడు నాతో, నా విజయనగరం యాస పట్టేసి. "నాకు ఆట నేర్పిన మాస్టారు సిన్నప్పుడు కలకత్తాలో ఆ పందొమ్మిదొందల పదకొండు షీల్డు ఫైనల్ సూసినాడు. మనోళ్లు తెల్లోళ్ల పల్టన్ని ఓడించిన ఆట. పదకొండు మందిలో ఒక్కడికే బూట్లు. ఆయన సెప్పినయ్యన్నీ నేనీ కొండకి తెచ్చినాను. కోతలయ్యాక ఎనిమిదూళ్లు ఇక్కడే ఆడీవి. గెలిసినోళ్లకి మేకపోతు. ఇప్పుడు ఆడపిల్లలు, మా గుంటలు, మట్టి రోడ్డు మీద ఆడతన్నారు. గ్రౌండు సూడు బాబూ. ఉంటే ఉందని సెప్పు. నేకపోతే నేదని సెప్పు."

కమాండర్ మూడు రోజులు ఇచ్చాడు. "దొరికితే తాకొద్దు. చెప్పు," అన్నాడు.

ఉదయం మంచు విడిచేసరికి ఆరున్నర. తెల్ల టేపుతో వరసలు కట్టుకుని ఒక్కో అడుగూ వెతికాను. మొదటి రోజు సీసా మూతలు, గొడుగు ఊచ. రెండో రోజు మేకులు. మూడో రోజు పది నలభైకి, ఎడమ గోల్ ముందు, గీతకి రెండడుగుల దూరంలో డిటెక్టర్ గొంతు మారింది. సీసా మూతకి కీచుమంటుంది. ఇది ఆగకుండా మూలిగింది. బోర్లా పడుకుని వేళ్లతో మట్టి తీశాను. స్టీలు క్యారేజీ గిన్నె అంచు. దాని పక్కన వైరు.

"బేస్, దొరికింది. ఓవర్."

"ఎక్కడ? ఓవర్."

"గోల్‌కీపర్ నిలబడే చోట. ఓవర్."

గరగర మధ్య కమాండర్ గొంతు అందుకుంది. "తాకకు. వెనక్కి రా."

లేచి నిలబడ్డాను. అప్పుడే పై మట్టి రోడ్డు మీంచి బంతి దొర్లుకుంటూ వచ్చి గడ్డిలో పడింది. దాని వెనకే జట్టు కెప్టెన్ లచ్చిమి. పదిహేడేళ్ల పిల్ల. వాళ్లకున్నది ఆ ఒక్క బంతే. కళ్లు దాని మీదే పెట్టి పరిగెత్తుకొచ్చేసింది.

"ఆగు! ఉన్న సోటే ఆగు!"

ఆగింది. ఇంకా వెతకని గడ్డిలోకి ఎనిమిది అడుగులు వచ్చేసి ఉంది. అప్పటికి గానీ తాను ఎక్కడుందో ఆమెకి తెలియలేదు.

"సారూ, యెనక్కి ఎల్లిపోనా?"

"వద్దు. నేనే వస్తన్నాను. కాలు కదపకు."

మా మధ్య పదిహేను మీటర్లు. నేను డిటెక్టర్ తిప్పుతూ అడుగు వేస్తున్నాను. నా చెమట చుక్క ఇయర్‌ఫోన్ మీద పడి చప్పుడైనా ఆగి మళ్లీ వింటున్నాను.

"ఎంతసేపు సారూ? బేగి రా."

"బేగి వస్తే ఇద్దరం పోతాం. మీ జట్టులో ఎవరెవరున్నారో సెప్పు. ఒక్కో పేరూ."

చెప్పింది. పదకొండూ అయిపోయాక మళ్లీ మొదట్నుంచి. ఎన్నిసార్లు చెప్పిందో నేను లెక్కపెట్టలేదు. ముప్పై ఐదు నిమిషాలకి ఆమె చెయ్యి అందింది. మంచులా ఉంది. నా బూటు గుర్తుల్లోనే పాదాలు వేస్తూ నా వెనక వచ్చింది. రోడ్డెక్కాక గడ్డిలో ఉండిపోయిన బంతిని చూసి ఏడ్చింది.

రెండుంపావుకి పేల్చేశాం. ఎడమ గోల్ పోస్టులు ఎగిరిపోయాయి. నడుం లోతు గొయ్యి పడింది. అది పెట్టిందెవరో తేలలేదు. మైదానం మొత్తం మళ్లీ వెతికాను. ఊరివాళ్లు తట్టలతో మట్టి పోసి గొయ్యి పూడ్చారు, కొత్త వెదురు పాతారు. ఆ మట్టిని కూడా మూడుసార్లు వెతికాను.

జనవరిలో పోటీ పెట్టారు. ఎనిమిదూళ్ల జనం వచ్చి మైదానం అంచున నిలబడ్డారు. లోపలికి ఒక్కరూ రాలేదు. కమాండర్ మైకులో భయం లేదన్నాడు. ఎవరూ కదల్లేదు. దాసు తాత కూడా నేల చూస్తూ ఉండిపోయాడు.

లచ్చిమి బంతి పట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

"నువ్వు ముందు అక్కడ నిలబడు సారూ. నేను కొడతాను."

వెళ్లి ఎడమ గోల్లో నిలబడ్డాను. వెతికింది నేనే. ఏమీ లేదని నాకు తెలుసు. అయినా మడమ నేలకి ఆనించడానికి రెండు క్షణాలు పట్టింది. ఆమె బంతి పెట్టి, నాలుగడుగులు వెనక్కి వేసి, పరిగెత్తి వచ్చి కొట్టింది. కుడి మూలకి దూకాను. వేలి కొస తగిలింది. ఆపలేకపోయాను. గోల్.

ఏప్రిల్లో బదిలీ వచ్చింది. కొన్నాళ్లకి ఉద్యోగం మానేసి విజయనగరం వచ్చేశాను. ప్రపంచ కప్ రోజుల్లో మా వీధి కుర్రాళ్లు మా ఇంట్లో టీవీ ముందు చేరతారు. అన్నిటికంటే గొప్ప గోల్ ఏదని అడుగుతారు. సగం మైదానం నుంచి బంతి తీసుకెళ్లి ఇంగ్లండ్ వాళ్లని వరసగా దాటేసిన అర్జెంటీనా ఆటగాడి గోల్ అని చెబుతాను. వాళ్లు వాదిస్తారు. నేనూ వాదిస్తాను.

కానీ కళ్లు మూసుకుంటే కనిపించేది వేరు, లచ్చిమి గోల్ కొట్టిన క్షణం. నేను నేల మీద పడి ఉన్నాను. చెంపకి మట్టి అంటుకుంది. నాలుగు వైపుల నుంచీ పాదాలు మైదానంలోకి పరిగెత్తి వస్తున్నాయి. ముసలి పాదాలు, పసి పాదాలు, కడియాల పాదాలు. ఒక్కరూ కాళ్ల కిందకి చూడటం లేదు.