మా బావకి డి మైనస్

ఒక్క బంతి పడలేదు. ఒక్కడికీ చెమట పట్టలేదు. అయినా మార్కులు వచ్చేశాయి. నేను ఎనిమిదో తరగతిలో బడి మానేసినవాణ్ణి. మా లెక్కల మాస్టారు నాకు సున్నా వేశారు గానీ, పరీక్ష పెట్టాకే వేశారు. ఆయనకున్నపాటి న్యాయం కూడా ఆ టీవీలో కోటు వేసుకుని కూర్చున్న పెద్దమనుషులకి లేదు. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. వాళ్ళని చూసి నేర్చుకున్న నా నోటిని తలుచుకుంటే ఇంకా మండుతుంది.

సింగపూర్‌లో జురాంగ్ ఐలాండ్ మీద ఒక ప్లాంట్‌లో పైపుల పని మాది. నేను మనుషుల్ని చూసుకునేవాణ్ణి. ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు, ఎవరి బూటుకి కన్నం పడింది, అదీ నా ఉద్యోగం. నాపైన ఒక అమెరికా ఆయన. వెనకాల మేం దొర అనేవాళ్ళం. ఎదురుగా సార్ అనేవాళ్ళం. మనిషి మంచివాడే, అదే నా బాధ. చెడ్డవాడైతే తిట్టుకోవడం సులువు.

ఆ దొరకి ఫుట్‌బాల్ పిచ్చి. మనం ఎరిగింది కాదు, తలకి డొప్ప పెట్టుకుని, బంతిని చంకలో ఇరికించుకుని పరిగెత్తే అమెరికా ఫుట్‌బాల్. ఏటా ఎండాకాలంలో అక్కడ డ్రాఫ్ట్ అని ఒకటి జరుగుతుంది. కాలేజీ కుర్రాళ్ళందరినీ ఒక జాబితాలో పెడతారు. జట్లన్నీ వంతులవారీగా ఒక్కొక్కణ్ణి ఏరుకుంటాయి. నిరుడు చిత్తుగా ఓడినవాడిది మొదటి వంతు. ఆ ఒక్క ముక్కా నాకు నచ్చింది. మా ఊళ్ళో ఓడినవాడికి మంచినీళ్ళ కుళాయి దగ్గర కూడా మొదటి వంతు ఇవ్వరు.

అక్కడ గురువారం రాత్రి, మాకు శుక్రవారం పొద్దున. ఆ రోజు దొర కంటైనర్ ఆఫీసులో లాప్‌టాప్ తెరిచి, అందరికీ పరాటాలు తెప్పించేవాడు. పరాటా ఉందంటే మేం డ్రాఫ్ట్ ఏమిటి, శవయాత్ర లైవ్ పెట్టినా చూస్తాం.

ఏరుకోవడం అయిందో లేదో, టీవీ పెద్దమనుషులు మార్కులు మొదలుపెట్టారు. ఈ జట్టుకి ఏ, ఆ జట్టుకి బి. దొర జట్టుకి డి వచ్చింది. ఎవడో పేరు తెలియని చిన్న కాలేజీ కుర్రాణ్ణి ఎత్తుకున్నారట, సన్నగా ఉన్నాడట, పనికిరాడట. దొర మొహం కందిపోయింది. బల్ల మీద గుద్దాడు. టీ పొంగి పరాటాల్లో పడింది.

"డ్రాఫ్ట్ అయిన పది నిమిషాలకి మార్కులేస్తారా? ఒక డ్రాఫ్ట్ మంచిదో చెడ్డదో చెప్పాలంటే మూడేళ్ళు ఆగాలి! మూడేళ్ళు!" అని అరిచాడు.

మూడు వేళ్ళు ఎత్తి మరీ చూపించాడు. ఆ వేళ్ళు గుర్తుపెట్టుకోండి.

ఆయన్ని చల్లబరుద్దామని నేను లేచి, హెల్మెట్ చంకలో పెట్టుకుని, ఆ కోటు మనిషిలా గొంతు సవరించుకున్నాను. "పరాటాకి ఏ. కూరకి బి ప్లస్. టీకి సి, అదీ బల్ల మీద పడ్డాక." దొర కడుపు పట్టుకుని నవ్వాడు. మా వాళ్ళూ నవ్వారు. నా కర్మ అక్కడ మొదలైంది.

షట్‌డౌన్ దగ్గరపడుతోంది. షట్‌డౌన్ అంటే ప్లాంట్ మొత్తం ఆపేసి, పైపులన్నీ విప్పి, కడిగి, మళ్ళీ బిగించడం. ముగ్గురు మేస్త్రీలు, మూడు గ్యాంగులు. ఎప్పుడూ కాగితం మీద పేర్లు రాసి అతికించేవారు. ఈసారి దొరకి ఉత్సాహం పుట్టింది. "మనమూ డ్రాఫ్ట్ పెడదాం" అన్నాడు. మధ్యాహ్నం భోజనాలయ్యాక అందరం ఆఫీసు ముందు షెడ్డులో చేరాం. మేస్త్రీలు వంతులవారీగా మనుషుల్ని పిలిచారు. దొర తెల్లబోర్డు మీద పేర్లు రాశాడు. మా బావ పేరు చివరి వరసలో వచ్చింది.

మా బావంటే మా అక్క మొగుడు. నలభై ఎనిమిదేళ్ళు. నాకు సింగపూర్‌లో మొదటి బూట్లు కొనిపెట్టిందీ, మొదటి తిట్టు తిట్టిందీ ఆయనే. రెండు పైపుల మూతులు కలిపి చుట్టూ బోల్టులు బిగించే చోటుంటుంది, ఫ్లాంజ్ అంటాం. ఆ పని బావది. గుడ్డతో తుడుస్తాడు. మళ్ళీ తుడుస్తాడు. బొటనవేలి గోరు మూతి చుట్టూ గీరుతూ తిప్పి, ఎక్కడైనా గీత తగులుతుందేమో చూస్తాడు. తగిలిందా, మళ్ళీ మొదటికొస్తాడు. పక్కవాడు మూడు బిగించేసరికి ఈయన రెండు. బావ బిగించింది కారగా నేను చూళ్ళేదు.

పేర్లన్నీ అయ్యాక దొర మార్కర్ నా చేతిలో పెట్టాడు. "నువ్వే నా టీవీ. మార్కులు వెయ్యి."

వేశాను. బరువులెత్తే ఆరడుగుల రిగ్గర్‌కి ఏ ప్లస్, "క్రేన్ పాడైనా పని ఆగదు." వెల్డర్‌కి బి, "చెయ్యి ఏ, కానీ పొద్దున నిద్రలేపి లారీ ఎక్కించడానికి ఇంకో ఇద్దరు కావాలి." అందరికీ ఏలూ బీలే. ఎవణ్ణయినా తక్కువ చేస్తే మనసులో పెట్టుకుంటాడు, రాత్రికి అన్నం దగ్గర మొహం ముడుచుకుంటాడు. కానీ డి అనేది ఒకటైనా లేకపోతే ఆట ఏం పండుతుంది? అనడానికి నాకు అక్కడ హక్కున్న మనిషి ఒక్కడే. బావని బామ్మర్ది ఆడిపోసుకోకపోతే ఇంకెవడు ఆడిపోసుకుంటాడు?

"మా బావకి డి మైనస్! ఈయన ఒక ఫ్లాంజ్ బిగించేలోపు పక్క ఫ్లాంజ్‌కి తుప్పు పడుతుంది!"

షెడ్డు ఊగిపోయింది. అందరికంటే గట్టిగా నవ్వింది బావే. "ఒరే బామ్మర్దీ, మీ అక్కని నాకిచ్చిన్నాడే మీ ఇంట్లో మార్కులెయ్యడం ఎవుడికీ రాదని తెలిసిపోయిందిరా!" అన్నాడు. ఇంకా నవ్వారు. దొరకి ముక్క అర్థం కాకపోయినా నవ్వి, ఫోన్ తీసి బోర్డుకి ఫొటో కొట్టాడు.

సోమవారం ఆఫీసులో టైపు చేసే, ప్రతి మాటకీ చివర ‘లా’ తగిలించే చైనీస్ ఆంటీ నన్ను పిలిచి కాగితం ఇచ్చింది. పేర్లు, పేరు పక్కన అక్షరం, అన్నీ దొర కొట్టిన ఫొటోలోవే. నా జోకులు ఆవిడ టైపు చెయ్యలేదు. అక్షరాలే చేసింది. అడుగున గీత కొట్టి ఒక్క పేరు. డి వచ్చిందని బావని షట్‌డౌన్ నుంచి తీసేశారు. ఆయన వర్క్ పర్మిట్ ఆ నెలాఖరుకి అయిపోతోంది. షట్‌డౌన్‌లో ఉన్నవాళ్ళకి పొడిగింపు, లేనివాళ్ళకి ఇంటికి టికెట్. నలభై ఎనిమిదేళ్ళవాణ్ణి ఇంకో కంపెనీ పిలిచి తీసుకోదు.

"ఆంటీ, ఇది జోక్. మార్చండి."

"లిస్ట్ పంపించేశాను లా. హెడ్డాఫీస్ ఓకే కూడా వచ్చింది. ఇప్పుడు చేంజ్ కెనాట్."

దొర దగ్గరికి పరిగెత్తాను. నాకున్న ఇంగ్లీషంతా పోగుచేసి చెప్పాను. సార్, ఆయన మా అక్క భర్త. మా వైపు బావని ఆట పట్టించడం మర్యాద. పట్టించకపోతే ఇంట్లో ఏదో గొడవైందనుకుంటారు. డి అంటే డి కాదు సార్.

దొర శ్రద్ధగా విన్నాడు. అదొకటి, ఎప్పుడూ శ్రద్ధగానే వింటాడు.

"ఆయన నీ బంధువా?"

"అవును సార్, సొంత మనిషి."

"మరి సొంత మనిషే డి మైనస్ ఇచ్చాడంటే, అంతకంటే నిజాయితీ మార్కు ఏముంటుంది? ఇంకెవరైనా అయితే మొహమాటపడేవాళ్ళు. నువ్వు పడలేదు. అందుకే నాకు నువ్వంటే ఇష్టం."

"సార్, ఆయన్ని పని చెయ్యనిచ్చి చూడండి. ఒక్క వారం."

"టైం లేదు."

మూడు వేళ్ళు. సన్నటి కుర్రాడికి మూడేళ్ళు ఇవ్వమని బల్ల గుద్దినవాడు, ఇరవై ఏళ్ళు పైపులు బిగించినవాడికి వారం లేదన్నాడు. నేను ఆ మాట మొహం మీద అనాల్సింది. నా నోరు అనవసరమైన చోట గుర్రం, అవసరమైన చోట గాడిద. "ఓకే సార్" అని వచ్చేశాను. ఆ ఓకే సార్ ఇప్పటికీ నా గొంతులో చేపముల్లులా ఉంది.

డార్మిటరీలో బావ బ్యాగు సర్దుకుంటుంటే మంచం అంచున కూర్చున్నాను. క్షమించమందామని నోరు తెరిచాను. "నోరు ముయ్యి. నీ నోరు తెరిస్తే ఏటవుతాదో చూశాం కదా" అన్నాడు, నవ్వుతూనే. తర్వాత గొంతు తగ్గించాడు. "మీ అక్కకి కాంట్రాక్టు అయిపోయిందని సెప్తాను. నువ్వేటీ సెప్పకు." పని బూట్లు నా మంచం కింద పెట్టి వెళ్ళిపోయాడు.

షట్‌డౌన్ నడిచింది. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఒక్క ఫ్లాంజైనా కారాలని రోజూ దేవుడికి దణ్ణం పెట్టాను. బావ చోట్లో వచ్చిన కుర్రాడు బిగించింది కారితే, దొర చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళి చూపిద్దామని. ఒక్కటీ కారలేదు. దేవుడు కూడా జాబితా పంపించేశాడు కాబోలు.

మూడేళ్ళు తిరిగాయి. మొన్న మళ్ళీ శుక్రవారం, మళ్ళీ పరాటాలు. దొర నన్ను వాటేసుకున్నంత పని చేశాడు. "గుర్తుందా? ఆ డి కుర్రాడు! మూడేళ్ళాగమన్నానా లేదా? ఇప్పుడు లీగులో వాడంతవాడు లేడు! టీవీవాళ్ళే చెంపలేసుకుని ఏ ప్లస్ అని దిద్దుకున్నారు!"

నేను బోర్డు దగ్గరికెళ్ళి మార్కర్ తీసుకుని మా బావ పేరు రాశాను. పక్కన డి మైనస్ రాశాను. "ఈయనకీ మూడేళ్ళయింది సార్. ఇప్పుడు వెయ్యండి మార్కు."

దొర కళ్ళు చిట్లించి చదివాడు. మళ్ళీ చదివాడు.

"ఎవరీయన?" అన్నాడు.

నిజంగానే అడిగాడు. మార్కర్ బల్ల మీద పెట్టేశాను. పరాటా ముట్టలేదు. అది నా జీవితంలో మొదటిసారి. బయటికొచ్చి ఇంటికి ఫోన్ చేశాను. అక్క ఎత్తింది. బావ గురించి ఒక మాట చెప్పాలి అన్నాను. ఆయన్ని పంపించింది కంపెనీ కాదు, నేనే, బోర్డు మీద డి మైనస్ వేసింది నేనే అని మొత్తం కక్కేశాను.



"నాకు తెల్సురా" అంది. "వచ్చిన వారానికే సెప్పేశాడు మీ బావ. పడీ పడీ నవ్వుతా సెప్పాడు. నాకే నవ్వు రాలేదు. నువ్వెప్పుడు సెప్తావా అని మూడేళ్ళ నించీ సూస్తన్నాను."

"తప్పయిందక్కా" అన్నాను, జోకు లేకుండా.

"ఉండు, పన్లో ఉన్నాడు, ఆయనకి లైను కలుపుతాను" అంది, ఇంకా కోపంగానే.

బావ ఇప్పుడు విశాఖ పక్కన ఒక మందుల ఫ్యాక్టరీలో పైపులు బిగిస్తున్నాడు. దినకూలీ. దొర కుర్రాడి సంగతి చెప్పాను. డి నుంచి ఏ ప్లస్ అయ్యాడని, టీవీవాళ్ళే దిద్దుకున్నారని.

"మంచిదేరా" అన్నాడు బావ. "ఆడనిచ్చారు కదా మరి, ఆడాడు."

వెనకాల ఎవరో ఆయన్ని పిలుస్తున్నారు, ఎంతసేపు తుడుస్తావయ్యా అని.

"వస్తన్నాను, వస్తన్నాను" అన్నాడు వాళ్ళతో. ఫోన్ పెట్టలేదు. గుడ్డతో ఇనుము రుద్దుతున్న చప్పుడు నాకు వినబడుతూనే ఉంది.