చెరువు మీది రెల్లుకట్టలు

మా నాన్న ఫ్లోరియాన్‌కు బాగా తెలిసినవి రెండే: చేపలు, నీళ్లు. ఝాట్చానీ చెరువుకు ముప్ఫయ్యేళ్లు కావలి కాశాడు. చుట్టుపక్కల ఊళ్లు క్రిస్మస్‌కి తినే బంగారుతీగ చేపలన్నీ ఆయన చేతి మీదుగా వెళ్లినవే. మనుషులతో మాట్లాడాల్సి వస్తే మాత్రం తడబడేవాడు. అమ్మ పోయాక నాతో కూడా తడబడటం మొదలుపెట్టాడు.

చలికి చెరువు గడ్డకట్టగానే గొడ్డలి పట్టుకుని మంచుగడ్డలో వరసగా కంతలు కొట్టేవాడు. లేకపోతే కింద చేపలకు ఊపిరాడదు. తెల్లారేసరికి కంత మీద పల్చటి పొర కట్టేస్తుంది, ఆపైన మంచు కురిస్తే కంత ఉన్నట్టే తెలియదు. అందుకని ఒక్కో కంత పక్కన మనిషెత్తు రెల్లుకట్ట నిలబెట్టేవాడు. ఇటు రావద్దని దానర్థం. మా ఊళ్లో నడక నేర్చిన ప్రతి పిల్లకూ ఆ సంగతి తెలుసు.

1805 డిసెంబరు రెండో తారీఖున పొద్దున్నే దట్టమైన పొగమంచు, అందులోంచి ఫిరంగుల మోత. దాన్నిప్పుడు ఔస్టర్‌లిట్జ్ యుద్ధం అంటున్నారు, ముగ్గురు చక్రవర్తులు వచ్చారంటున్నారు. నాకు ఒక్కడూ కనబడలేదు. ఫ్రెంచివాళ్ల మీద మా చక్రవర్తి పక్షాన పోరాడటానికొచ్చిన రష్యావాళ్లు ఆ ముందువారమే మా ఆవును కోసుకు తిన్నారు. ఇక ఎవరు గెలవాలని మొక్కుకోవాలో తెలియక, నేలమాళిగలో కూర్చుని ఊరికే ప్రార్థన చేశాను.

"నాన్నా, మనవాళ్లు గెలుస్తున్నారా?" అని అరిచాను.

"మనవాళ్లంటే ఎవరే?" అన్నాడు గుమ్మంలోంచి.

మధ్యాహ్నం దాటాక ఆకుపచ్చ కోట్ల రష్యావాళ్లు వందలమంది గుట్ట దిగి చెరువు మీదికి పారిపోయి వచ్చారు. వెనకనుంచి ఫ్రెంచివాళ్ల ఫిరంగి గుళ్లు మంచుగడ్డ మీద పడుతున్నాయి. నాన్న గట్టు మీదికి ఉరికి, "అటు కాదు! కట్టల దగ్గరికి పోకండి!" అని గొంతు చించుకున్నాడు. వాళ్లు సరిగ్గా కట్టల వైపే పరుగెత్తారు. ఒక కట్ట నుంచి ఇంకో కట్టకు, దారి తెలిసినవాళ్లలా! అవతలి గట్టు చేరినవాళ్లెందరో, మధ్యలో మాయమైనవాళ్లెందరో మాకు అంతుపట్టలేదు. "అంత చోటుండగా అక్కడికే ఎందుకు పోయారే?" అని నాన్న నన్నే అడిగాడు, నేనేదో సైన్యాధిపతినైనట్టు.

ఆ సాయంత్రం గట్టు కింద కాలు విరిగిన రష్యన్ సిపాయి ఒకడు దొరికాడు. పేరు యెర్మోలాయ్. ఫ్రెంచివాళ్ల కంటబడకుండా గడ్డికొట్టంలో దాచాం. వాళ్ల మాటా మా మాటా దాయాదులే కనుక సగం అర్థమయ్యేది, మిగతా సగం చేతులతో నడిపించాం. నాలుగోరోజు గంజి తాగుతూ అన్నాడు:

"పెద్దాయనా, మీ ఊరోళ్లు పుణ్యాత్ములయ్యా. చెరువు మీద దారికి గుర్తులు పెట్టారు. మా ఊళ్లోనూ అంతే. చలికాలం నది మీదే బళ్లు తోలతాం గదా, మంచు గట్టిగా ఉన్నచోటల్లా కొమ్మలూ గడ్డికట్టలూ పాతుకుంటూ పోతాం. మా తమ్ముడు ప్రోఖోర్ వాటిని చూడగానే, 'అన్నా, అదిగో దారి!' అని అందరికంటే ముందు పరిగెత్తాడు."

నాన్న చేతిలో గరిటె గాల్లోనే ఆగిపోయింది.

"దాటేశాడంటావా?" అన్నాడు ఎలాగో.

"దాటేసే ఉంటాడు. వాడు మహా చురుకు."

పై వారం ఫ్రెంచివాళ్లు మునిగిన ఫిరంగుల కోసం చెరువు ఖాళీ చెయ్యమన్నారు. అందులో వేలమంది మునిగిపోయారని వాళ్లే గొప్పగా చాటుకుంటున్నారు. తూము ఎత్తాల్సింది నాన్నే. నీళ్లు పోయినన్ని రోజులూ ఆయన రొట్టె ముట్టలేదు. చివరికి బురదలో ఫిరంగులు, చచ్చిన గుర్రాలు, ముగ్గురంటే ముగ్గురు మనుషులు తేలారు.

"ముగ్గురేనే!" అని నా భుజాలు పట్టుకుని ఊపేశాడు. నవ్వాడు, ఆ వెంటనే ఏడ్చాడు. నాకూ ఏం చెయ్యాలో తెలియలేదు.

పాతిపెట్టే ముందు ఆ ముగ్గురి మెళ్లో ఉన్న రాగి శిలువలు రుమాల్లో కట్టి తెచ్చి యెర్మోలాయ్ ముందు పెట్టాడు.

"వీళ్లలో ఒకడు కుర్రాడు. పసుపురంగు జుట్టు."

"మా దళంలో సగంమందిది పసుపురంగు జుట్టే." యెర్మోలాయ్ ఒక్కోదాన్నీ తిప్పి తిప్పి చూశాడు. "వాడిదీ ఇలాంటిదే. నాదీ ఇలాంటిదే. అందరికీ ఇవే ఇస్తారు."

అప్పుడు నాన్న నేల మీద కూలబడి చెప్పేశాడు. తడబడకుండా అంతసేపు మాట్లాడటం నేను ఆయన దగ్గర అంతకుముందు చూడలేదు. "ఆ కట్టలు పెట్టింది నేనే. అవి దారి కాదు బాబూ, కంతలు. రావద్దని పెట్టాను. కంతల్లో పడి పోయారో, గుళ్లకు మంచు పగిలి పోయారో నాకు తెలీదు. ఒట్టు, నాకు తెలీదు."

యెర్మోలాయ్ ఆయన ముఖంలోకి చూశాడు. కోపంగా లేడు. నిజంగా అర్థంకానట్టే అడిగాడు:

"మరి మీ ఊళ్లో చెరువు మీద దారి ఏదో ఎలా తెలుస్తుంది?"

"మేం చెరువు మీద నడవం, నాయనా."

 యెర్మోలాయ్ మూడు శిలువల్నీ ఒకదాని తర్వాత ఒకటి తన మెడలోనే వేసుకున్నాడు.