ఆగమని రాయని పాఠం

అరవైల చివర్లో ఒక ఎండాకాలం, లక్సెట్టిపేట దగ్గరి ఒక నూలు మిల్లులో ఏడుగురు గుమాస్తాలకు నేను కంప్యూటర్ ప్రోగ్రామింగ్ నేర్పాను. మిల్లులో కంప్యూటర్ లేదు. వాళ్లలో ఎవరూ దాన్ని చూసి ఉండలేదు. బొంబాయిలో మా హెడ్డాఫీసుకు ఒకటి వచ్చింది. నేను ఆరు వారాలు దాని పక్కన కూర్చుని వచ్చాను. పక్కన అంటే అద్దాల గది బయట. లోపలికి రెండే రెండుసార్లు, చెప్పులు విప్పించి పంపారు.

అప్పుడు నాకు ఇరవై ఏడేళ్లు. కరీంనగర్ పక్క పల్లెలో, దున్నుకుని బతికే మా ఇంట్లో బీఎస్సీ దాకా వెళ్లింది నేనొక్కణ్నే. బొంబాయిలో నా ఇంగ్లీషు విని తోటివాళ్లు నవ్వారు. ఆ నవ్వు మూటగట్టుకుని తిరిగొచ్చాను. మిల్లులో మా ఊరి మాట మానేసి పుస్తకాల తెలుగు మొదలుపెట్టాను.

మేనేజరు నన్ను పిలిచి, "ఏడుగురిలో ఇద్దర్ని ఏరివ్వు, చాలు. మిగతావాళ్ల సంగతి తర్వాత చూద్దాం" అన్నాడు. ఆ మాట మధ్యాహ్నానికల్లా ఆఫీసంతా పాకింది. హాజరు పట్టీలన్నీ ఇక చిల్లులు పొడిచిన కార్డుల మీదికి పోతాయనీ, మిగిలినవాళ్లకు పని ఉండదనీ అందరికీ అర్థమైంది.

ఆ ఏడుగురిలో ఒకామె టైపిస్టు. ఒకాయన హాజరు గుమాస్తా. ఆయనకు యాభై దగ్గర పడుతున్నాయి. గేటు దగ్గర నిలబడి కూలీలకు ఇత్తడి టోకెన్లు ఇచ్చేవాడు. ఎదురుగా వచ్చే ముఖం చూసి నంబరు చెప్పేవాడు. ఎడమకాలు కొంచెం ఈడ్చి నడిచేవాడు. నిజాం కాలంలో ఉర్దూలో చదువుకున్నాడు. రాజ్యం మారాక ఆ చదువు ఆయనకు పెద్దగా అక్కరకు రాలేదు. ఇంగ్లీషు రాదు. తెలుగు అక్షరాలు పెద్దవిగా, కూడబలుక్కుంటూ రాసేవాడు.

మొదటి రోజులు బాగానే గడిచాయి. యంత్రానికి తెలివి లేదనీ, చెప్పింది చెప్పిన వరుసలో చేస్తుందనీ, చెప్పనిది చేయదనీ చెప్పాను. "నేనే యంత్రాన్ని, నాతో నీళ్లు తాగించండి" అని టైపిస్టును లేపాను. ఆమె, "ముంత తీసుకోండి, కుండల ముంచుండి, తాగుండి" అంది. నేను ముంత తీసుకుని కుండ మూత మీద ఠంగుమని కొట్టాను. అందరూ నవ్వారు. "మూత తీయమని మీరు చెప్పలేదు కదా" అన్నాను. ఆ పూట నేను నిజంగానే మంచి పంతుల్ని.

మూడో రోజు యంత్రం జ్ఞాపకం గురించి చెప్పాను. ఒక టీపొడి డబ్బా బల్ల మీద పెట్టాను. టోకెన్ల కుప్పలో అన్నిటికంటే పెద్ద నంబరేదో కనుక్కోవాలి. ఒక టోకెన్ తీయి. డబ్బాలో ఉన్నదానికంటే పెద్దదైతే పాతది తీసేసి దీన్ని వేయి. చిన్నదైతే పక్కన పడేయి. కుప్పలో ఇంకా ఉంటే మళ్లీ మొదటి నుంచి చేయి. లేకపోతే ఆగు. డబ్బాలో మిగిలిందే జవాబు. పొద్దున వాళ్ల ముందు ఇది చక్కగా పనిచేసింది. మధ్యాహ్నం మేనేజరు చూడ్డానికి వచ్చాడు. వేరే కుప్ప పోసి మళ్లీ చేసి చూపించాను. డబ్బాలోంచి టోకెన్ తీసి, "ఇదే అన్నిటికంటే పెద్దది" అన్నాను.

వెనక నుంచి హాజరు గుమాస్తా మెల్లగా లేచాడు.

"సార్, గది గీ కుప్పలది కాదు. పొద్దటిది డబ్బాల్నే ఉండిపోయింది. పని షురూ జేసేముందు డబ్బా ఖాళీ జెయ్యిమని ఫస్టు రాయాలె గద?"

ఆయన మాటలో ఎగతాళి లేదు. గేటు దగ్గర తప్పు టోకెన్ వెనక్కి ఇచ్చినట్టు చెప్పాడు, అంతే. మేనేజరు మాత్రం పడీపడీ నవ్వి, "నీకు గురువు దొరికాడయ్యా!" అని నా భుజం తట్టి వెళ్లిపోయాడు. నాకు చెవుల్లో బొంబాయి నవ్వు వినబడింది.

మరునాడు బోర్డు మీద నాలుగే నాలుగు మాటలు రాశాను. కిటికీ నుంచి తలుపు దాకా నడువు. తలుపు గొళ్లేనికి ఎర్ర దస్తీ ఉంటే ఆగు. లేకపోతే కిటికీ దగ్గరికి తిరిగి రా. మళ్లీ మొదటి మాటకు పో. తిరిగి తిరిగి మొదటికే వచ్చే ఇలాంటి పనిని లూప్ అంటారని చెప్పాను. గొళ్లేనికి దస్తీ, నా చేతిరుమాలే, కట్టి ఉంది. క్లాసు చూస్తుండగానే దాన్ని విప్పి జేబులో పెట్టుకున్నాను.

"నువ్వు రా. ఇవాళ నువ్వే యంత్రం" అన్నాను హాజరు గుమాస్తాతో. అప్పటిదాకా ఆయన్ని మీరు అనేవాణ్ని.

ఆయన నడిచాడు. తలుపు దాకా వెళ్లాడు, గొళ్లెం చూశాడు, తిరిగి వచ్చాడు. అయిదోసారికి అందరూ నవ్వుతున్నారు. ఇరవయ్యోసారికి ఎవరూ నవ్వడం లేదు. క్లాసు నడిచే రేకుల షెడ్డు పెనంలా కాలుతోంది. ఆయన చొక్కా వీపుకు అంటుకుపోయింది. ఈడ్చే కాలు గచ్చు మీద రాసుకుంటున్న చప్పుడు ఒక్కటే వినబడుతోంది.

టైపిస్టు లేచింది. "సార్, ఇగ సాలు సార్. ఆయన కాలు మంచిగ లేదు."

"యంత్రానికి కాళ్లుండవమ్మా. కూర్చో."

భోజనాల సైరన్ మోగింది. అందర్నీ పంపించాను. ఆయన్ని పొమ్మనలేదు. క్యాంటీన్‌కు వెళ్లి తిన్నాను. రెండోసారి పెరుగు వేయించుకున్నాను. ఎండలో తొందరపడకుండా నడిచి వచ్చాను.

ఆయన ఇంకా నడుస్తున్నాడు. చెప్పులు ఒక మూల విప్పి ఉన్నాయి. ఒక చేయి గోడకు ఆనించి నడుస్తున్నాడు.

"యంత్రం గోడ పట్టుకోదు" అన్నాను.

ఆయన చేయి తీసేశాడు.

ఆయన బతిమాలతాడని చూశాను. నడుస్తూనే ఉన్నాడు. చివరికి నేనే అడిగాను, "ఎందుకు ఆగలేదు?" అని.

"ఆగే మాట రాసిన్రు సార్. గని దస్తీ మీ జేబుల ఉన్నది. ఇగ గిది ఎన్నటికి ఆగది. ఆగే తొవ్వ ఉంచకపోతే పని తెగదని... గదే గద సార్ ఇయ్యాల్టి పాఠం?"

బొంబాయిలో ఆ ముక్క అర్థం చేసుకోవడానికి నాకు వారం పట్టింది. దస్తీ తీసి గొళ్లేనికి వేలాడదీశాను. ఆయన అక్కడే ఆగిపోలేదు. తన వంతు ప్రకారం కిటికీ దాకా వెళ్లి, వెనక్కి తలుపు దగ్గరికి వచ్చి, దస్తీ చూసి, అప్పుడు ఆగాడు. మడమ తోలు లేచిపోయి గచ్చు మీద తడి మరకలు పడ్డాయి. నాకు జాలి కలగలేదు. ఇంకా కోపమే వచ్చింది.

వారం చివర పరీక్ష పెట్టాను. టోకెన్ల కుప్పలో వందకు పైబడిన నంబర్లు ఎన్ని ఉన్నాయో యంత్రంతో లెక్కపెట్టించాలి. ఏ భాషలో రాసినా పర్వాలేదని మేనేజరు చెప్పాడు. ఆరు కాగితాల్లో ఏదో ఒక తప్పు ఉంది. ఒకరు ఆగమని రాయడం మరిచారు, ఇంకొకరు లెక్క దాచే డబ్బా మరిచారు. ఏడో కాగితం ఉర్దూలో ఉంది. గళ్లు గీసి, బాణాలు కుడి నుంచి ఎడమకు వేసి, ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాడు. మొదటి గడిలో డబ్బాలో సున్నా పెట్టమంటాడు. రెండో గడిలో టోకెన్ తీయమంటాడు. తర్వాత ప్రశ్న, తర్వాత ఒకటి కలపడం, ఇంకా ఉంటే బాణం రెండో గడికి, లేకపోతే ఆఖరు. ఎక్కడా వంక లేదు.

నేను బడిలో తెలుగు కంటే ముందు ఉర్దూ అలీఫ్ బే దిద్దినవాణ్ని. ఆ కాగితం మొదటి నుంచి చివరిదాకా రెండుసార్లు చదివాను. ఎర్ర సిరాతో సున్నా వేశాను.

మేనేజరు దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఇందులో ఏముంది?" అన్నాడు.

"ఏమీ లేదు సార్. గీతలు."

టైపిస్టునూ, మేనేజరుకు దూరపు చుట్టమైన ఇంకొకతన్నీ ఏరిచ్చాను. హాజరు గుమాస్తాను పత్తి గోదాముకు మార్చారు. బేళ్ల మీద నంబర్లు వేసే పని. రోజంతా పత్తి దూది గాలిలో తేలే చోటు. పొద్దు వాలాక కనుబొమ్మల మీద తెల్లగా దూదితో, దగ్గుకుంటూ గేటు దాటి పోవడం చూసేవాణ్ని.

పదిహేను రోజులు పోయాక ఆయన భార్య మా క్వార్టర్‌కు వచ్చింది. గుమ్మం బయటే నిలబడింది.

"సారూ, జర మా ఇంటికి రాన్రి. ఆయన సక్కగ అన్నం దింటలేడు. గోదాము నుంచి వచ్చిండంటే సుద్దముక్క వట్టుకొని అరుగంత డబ్బాలు గీస్తడు. తుడుస్తడు, మల్ల గీస్తడు. ఏడ తప్పిన్నో దొర్కుతలేదంటడు. పిచ్చి లేస్తుందేమోనని నాకు ఫికరైతున్నది. నీకు రాలే, ఇడిసిపెట్టమని మీరొక్కసారి జెప్పున్రి. మీరు జెప్తే ఇంటడు."

వెళ్లాను. ఆయన అరుగు మీద మోకాళ్ల మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచి, సుద్ద అంటిన చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"ఏడ తప్పింది సార్? జర జూపెట్టున్రి. గంతే. ఇంకేం అడుగ."

అరుగు మీద గీసింది పరీక్ష కాగితంలోదే. ఒక్క తప్పు లేదు. అక్కడ మేం ముగ్గురమే ఉన్నాం, నిజం ఒప్పుకున్నా బయటివాళ్లు వినేది లేదు. అయినా వంగి, వెనక్కి తిరిగే బాణం మీద వేలు పెట్టాను.

"ఇదిగో. ఇది రెండో గడికి కాదు, మొదటి గడికి పోవాలి."

ఆయన మొదటి గడి మీద వేలు పెట్టాడు. "మొదటి దానికి పోతే ప్రతిసారి డబ్బాల సున్నా వడ్తది గద సార్? ఇగ లెక్క ఏడ నిలుస్తది?"

"యంత్రం సంగతి నీకు తెలుసా, నాకు తెలుసా?"

ఆయన అరచేత్తో ఆ బాణం తుడిచాడు. నేను చెప్పినట్టే మొదటి గడి దాకా కొత్త బాణం గీశాడు. వేలితో దాని వెంట నడిపాడు. ఒకసారి, రెండుసార్లు. మూడోసారి మధ్యలో ఆపి తలెత్తి నా ముఖం చూశాడు. నేను ఆయన భార్య వైపు తిరిగాను.

"రాలేదమ్మా. అందరికీ వచ్చే విద్య కాదిది" అన్నాను.

"చూసినవా, సారే జెప్పిండు" అని ఆమె భర్తతో అంది. ఆ గొంతులో బరువు దిగినట్టుంది. లోపలికి వెళ్లి నాకు చల్ల తెచ్చింది.

ఆయన సుద్దముక్క అరుగు అంచున పెట్టి, నీళ్లు తెచ్చి, గడులన్నీ కడిగేశాడు. నేను చల్ల తాగి, గ్లాసు ఆమెకు ఇచ్చి వచ్చేశాను.