పలాసలో రాయించిన ఫిర్యాదు

అరవైల చివర, నక్సలైట్ల వేటకి పల్లెపల్లెనా పోలీసు క్యాంపులున్న రోజులు. పలాస బస్సులో సీటు దగ్గర ఒక జీడితోట రైతు నా మీద అరిచాడు. ఉక్రోషంతో బస్సు దిగి, అర్జీలు రాసే గుమాస్తాచేత ఇంగ్లీషులో ఫిర్యాదు రాయించాను. చదివి అదిరిపడ్డాను: ‘త్రెటెన్డ్ టు కిల్’.

“చంపుతానని బెదిరించలేదండీ, అరిచాడంతే!”

“అందరికీ అదే రాత్తాం బాబూ. ఉత్త అరుపుకి పోలీసులు కదల్రు. పోనీ, ‘త్రెటెన్డ్ విత్ ఎ నైఫ్’ అని మార్సీమంటారా? కత్తి సూపించినాడని.”

ఆ ఒక్క ముక్క చాలు, మనిషిని క్యాంపుకి ఈడ్చుకుపోవడానికి.

ఈలోగా ఫిర్యాదు సంగతి విని ఆ రైతే వచ్చాడు. ఇంగ్లీషే కాదు, అసలు అక్షరమ్ముక్క రాదతనికి.

“అరిసినాను బాబూ, నిజిమే. కాయితంలో అదే కదా రాసినారు? ఏలిముద్ర ఏసిత్తాను,” అని సిరాలో బొటనవేలు ముంచాడు.

కాగితం నేను ముక్కలు చేసేదాకా ఆ నల్లటి వేలు నా ముందు చాచే ఉంది.